బండి పట్టాలో బిగిసిన గుండ్రటి బల్ల

రాజాంలో నేను పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీలో, మొదటి సంవత్సరం పిల్లలకు వడ్రంగం నేర్పే షెడ్డు ఒకటుంది. అక్కడ ఒక పనిని నా పేరు మీదే చెప్పుకుంటారు. వెడల్పాటి చెక్కలు అతకాలి, ఉన్న క్లాంపులు చాలవు అన్నప్పుడు, చెక్కల్ని ఒక ఇనుప చుట్టలో పరిచి, సందుల్లో చెక్క చీలలు దిగగొట్టి బిగించే పని అది. పిల్లలు దాన్ని "మాస్టారి రింగు" అంటారు. కొత్తగా చేరిన లెక్చరర్లకు నన్ను చూపించి "రింగు కనిపెట్టింది ఈయనే" అని పరిచయం చేసినవాళ్లూ ఉన్నారు. అలా అన్నప్పుడల్లా నేను తల వంచుకుని, అదేం పెద్ద పని కాదన్నట్టు నవ్వేవాణ్ణి. ఆ నవ్వు చూసి నాకు అణకువ ఎక్కువని కూడా అనుకున్నారు.

ఆ రింగు మా అత్తది. మా ఆవిడ తల్లి. రాజాం సంతలో ఎండు చేపలు అమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. ఆ పనిలో ఆవిడ పాలెంత, నా పాలెంత అన్నది తేల్చి చెప్పడానికే ఇది రాస్తున్నాను. సిగ్గుపడుతూ రాస్తున్న మాట నిజమే గానీ, ఇదేదో ఏడుపు కథ అనుకోకండి. మా ఇంట్లో అందరం కలిసి ఇంత గొప్పగా గెలిచిన పని మరొకటి లేదు.

మాది బాప్టిస్టు చర్చి. చర్చి వెనక చిన్న హాలు, అందులో స్త్రీల సమాజం కూడేది. హాలు మధ్యలో పొడవాటి పాత బల్ల. పై కొసన హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన పెద్దావిడ కూర్చునేది. ఆవిడకు అటూ ఇటూ టీచర్లు, నర్సులు, ఉద్యోగస్తుల భార్యలు. కింది కొస తలుపు పక్కకు వచ్చేది. అక్కడ బల్ల అయిపోయి, ఒక బెంచీ ఉండేది. చేపలమ్మే ఆడవాళ్లు ఆ బెంచీ మీద కూర్చునేవారు. మా అత్తదీ అక్కడే చోటు. వాళ్లను అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. "తలుపు దగ్గరైతే గాలి తగులుతుందమ్మా" అనేవారు, అంతే. వాసన మాట ఎవరూ నోటితో అనలేదు. పై కొసన తీర్మానం అయిపోయాక ఆ సంగతి బెంచీకి తెలిసేది. టీ కూడా అలాగే, చల్లారాక వచ్చేది.

మా ఇంట్లో కూడా అత్త కుర్చీ వరండాలోనే ఉండేది. గాలి మాట నేనూ అన్నాను.

ఆ ఏడాది మా ఆవిడ సమాజానికి కార్యదర్శి అయింది. అప్పటికి పాత బల్ల కాళ్లకు చెదలు పట్టి, మోచెయ్యి ఆనిస్తే ఊగుతోంది. కొత్తది చేయించాలని అందరూ అనుకుంటున్నప్పుడు మా ఆవిడ లేచి, "గుండ్రటి బల్ల చేయిద్దాం. మా ఆయన చేసిస్తారు. కోత పండగ నాటికి హాల్లో ఉంటుంది" అని చెప్పేసి వచ్చింది. ఆ తర్వాత ఇంటికొచ్చి నాకు చెప్పింది.

"గుండ్రం ఎందుకే? పొడుగ్గా అయితే వారంలో అయిపోద్ది కదా," అన్నాను.

"గుండ్రానికి కొసలుండవు కదండీ," అంది. అసలు మాట ఆ తర్వాత చెప్పింది. "మా అమ్మ బల్ల కాడ కూకోవాల. ఇన్నేల్లూ బెంచీ మీద కూకున్నాది. నాను కార్యదర్శినై పై కొసన కూకుని, మా అమ్మ తలుపు కాడుంటే ఎలాగుంటాదో మీరే సెప్పండి."

మర్నాడు చెక్క చూడ్డానికి బయల్దేరాను.

చెక్క దొరకడం మా అదృష్టం. ముందటి ఏడాది తుఫానుకు ఉద్దానంలో కొబ్బరీ జీడీ పనసా వేలకు వేలు నేలకూలాయి. మా చర్చి కుటుంబం ఒకరికి అక్కడ తోట ఉంది. కూలిన పనస చెట్టొకటి కోయించి, పలకలు నీడన ఆరబెట్టి ఉంచారు. సమాజానికని ఉచితంగా ఇచ్చారు. పసుపు ముద్దలాంటి రంగు, చిత్రిక పడుతుంటే వెన్నలా లేచే పొర. అయితే ఉన్నవి బల్లకు సరిగ్గా సరిపోయేన్ని పలకలే. చెడగొడితే మళ్లీ తెచ్చుకోవడానికి లేవు.

ఇక్కడ క్లాంపు సంగతి చెప్పాలి. రెండు పలకల అంచులకు జిగురు రాసి కలిపితే చాలదు. ఆరేదాకా రెండు పక్కల నుంచీ గట్టిగా నొక్కి పట్టాలి. అలా పట్టుకునే ఇనుప సాధనమే క్లాంపు. పొడవాటి బద్ద, ఒక కొసన కదలని దవడ, రెండో కొసన మర తిప్పితే ముందుకొచ్చే దవడ. బల్ల వెడల్పు ఎంతో క్లాంపు పొడుగు అంతకన్నా ఎక్కువ ఉండాలి. నేను అనుకున్న బల్ల అయిదడుగులకు రవ్వంత తక్కువ. కాలేజీ నుంచి అడిగి తెచ్చుకున్న క్లాంపుల్లో పెద్దది మూడడుగులు.

సగం సగం చేసుకుంటే పోలా అనుకున్నాను. చేశాను కూడా. పలకలు అతికి, రెండు అర్ధచంద్రాలు తయారుచేశాను. ఒక్కోటీ మూడడుగుల లోపే కాబట్టి క్లాంపులు చక్కగా సరిపోయాయి. మిగిలింది ఒక్క అతుకు, ఆ రెంటినీ కలిపే నడిమి అతుకు. దానికి మాత్రం అయిదడుగుల పట్టు కావాలి. అంత పొడుగు క్లాంపు రాజాంలో ఎవరి దగ్గరా లేదు. గరివిడిలో ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుణ్ణి అడిగితే, "మాకాడ ఇనుము కరిగించడమేరా, సెక్కలు అతకడం లేదు" అన్నాడు.

సరే, బుర్ర వాడదామనుకున్నాను. రెండు సగాల అడుగు భాగాన, అతుక్కి దగ్గర్లో చెక్క దిమ్మలు మరలతో బిగించి, ఆ దిమ్మల్ని చిన్న క్లాంపులతో దగ్గరికి లాగాను. అడుగున వెంట్రుక దూరనంత బిగువుగా కలిసింది. తిరగేసి చూస్తే పైన నోరు తెరుచుకుని ఉంది. పట్టు అంతా కిందనే పడింది, పైకి చేరలేదు. జిగురు పూర్తిగా ఆరకముందే విడదీసి, అంచులు మళ్లీ చిత్రిక పట్టాను. చిత్రిక పట్టిన ప్రతిసారీ చెక్క కొంత పోతుంది. బల్ల వెడల్పు తగ్గుతుంది.

కబురు తెలిసి మా బావమరిది కళింగపట్నం నుంచి దిగాడు. వాడు ఫైబర్ బోటు మీద వేటకు వెళ్తాడు. వస్తూ భుజాన పెద్ద తాడు చుట్ట వేసుకొచ్చాడు, లంగరు వేసే నైలాను తాడు.

"బావా, మీ క్లాంపులూ గింపులూ అవతల పారీండి. ఈ తాడు సముద్రాన్నే పట్టి ఆపుతాది. మీ బల్లెంత?"

"సముద్రం ఉప్పగా ఉంటదిరా, జిగురుగా ఉండదు," అన్నాను. కానీ నాకూ ఆశ పుట్టింది. తాడు బల్ల చుట్టూ రెండు వరసలు తిప్పి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టాం. గడ్డి బండికి తాడు బిగించినట్టే. వాడు మెలి తిప్పుతుంటే అతుకు నా కళ్ల ముందే మూసుకుపోయింది, జిగురు బొట్లు బొట్లుగా పైకి ఉబికింది. ఇద్దరం చేతులు దులుపుకుని భోజనానికి లేచాం. తిరిగొచ్చి చూసేసరికి అతుకులో అగ్గిపుల్ల దూరేంత సందు. అలలకు అల్లాడే బోటును కుదుపు లేకుండా పట్టడానికి సాగేలా చేసిన తాడు అది. సాగడమే దాని పని. మా బల్ల దగ్గరా అది సాగింది.

"మరి లంగరుకి సరిపోతాది కదా?" అన్నాడు వాడు, తాడును వెనకేసుకొస్తూ.

మళ్లీ విడదీత, మళ్లీ చిత్రిక. ఆ సాయంత్రం మళ్లీ కొలత వేసి చూశాను. ఇంకొక్కసారి తప్పితే గుండ్రం రాదు, కోడిగుడ్డు ఆకారం వస్తుంది. అంచులు తెగ్గోసి పొడవాటి బల్ల చేసేస్తే గొడవ వదిలిపోతుందని మా ఆవిడతో మెల్లిగా అన్నాను. తనేమీ అరవలేదు. "పొడుగుదైతే మీరే తీసుకెల్లి వేయండి. నాను రాను," అంది. వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు మా అత్త వరండాలోంచి నోరు విప్పింది. రెండు రోజులుగా ఆవిడ కుర్చీలో కూర్చుని మా ఆటంతా చూస్తోంది.

"అల్లుడుగోరూ, బండి సక్రానికి ఇనప పట్టా ఎలాగేస్తారో ఎప్పుడైనా సూసినారేటి?"

"చిన్నప్పుడు చూశానత్తా."

"మరేటి? పట్టాని పొట్టు మంటలో ఎర్రగా కాల్సి, సక్రం మీదకి దింపీసి, కుండలతోటి నీల్లు కొడతారు. అది ముడుసుకుంటాది. ఇంక ఆ సక్రం సచ్చినా ఊడదు. గుండ్రంగా ఉన్నదాన్ని గుండ్రటిదే పట్టాల. మీరేమో నలుగురు నాలుగు పక్కలా లాగుతున్నారు."

నేను నవ్వాను. ఇందులో దాచేదేమీ లేదు, బాగా నవ్వాను. "అత్తా, కాల్చిన ఇనుము వేస్తే జిగురు ఉడికిపోద్ది. పైన నీళ్లు కొడితే కారిపోద్ది. ఆ మంట మీద నీ చేపలు కాల్చుకోవచ్చు, బల్ల మాత్రం రాదు."

బావమరిది కూడా నవ్వాడు. ఆవిడ కొంగు దులుపుకుని లేచింది. "నవ్వండి, నవ్వండి. మీ మరలు సూసినాం, నీ తాడూ సూసినాంరా నాయనా. గుండ్రాన్ని పట్టడం మీ వల్ల కాదు."

మర్నాడు షెడ్డులో పిల్లలకు ఉలి సాన పట్టడం చూపిస్తున్నాను. చేతులు పని చేస్తున్నాయి గానీ ఆవిడ మాట చెవిలోంచి పోవడం లేదు. గుండ్రటిదాన్ని గుండ్రటిదే పట్టాలి. ఆవిడ చెప్పినదాంట్లో తప్పు మంట ఒక్కటే. పట్టాను కాల్చడం దేనికి? అది ముడుచుకుని బిగుస్తుందని. అదే బిగువు చల్లటి పట్టాలోనే తెప్పించగలిగితే? బల్ల కంటే కాస్త పెద్ద పట్టా తీసుకుని, మధ్యలో రెండు సగాలూ పడుకోబెట్టి, పట్టాకూ చెక్కకూ నడుమ ఉన్న సందులో చీలలు కొడితే? ఒక పక్క మందం, ఒక పక్క పలచన ఉండే చెక్క చీల ఎంత దిగితే అంత నొక్కుతుంది. ఇనుప పట్టా నైలాను తాడులా సాగదు.

ఉలి కింద పెట్టి, బావమరిదికి ఫోన్ చేశాను. "ఒరే, నాకో ఆలోచన వచ్చింది. మీ నాన్న బండి పట్టా ఇంకా ఉన్నాదా?"

"మా అమ్మ నిన్న సెప్పినాది ఇదే కదా బావా?"

"అది వేరు, ఇది వేరు. ఆవిడ కాల్చమంది."

ఈ తప్పు మొదలైంది అక్కడ, ఆ ఫోన్లో. నాకో ఆలోచన వచ్చింది అన్నాను. ఆ మాట నోటికి ఎంత సులువుగా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా మావయ్యను నేను చూడలేదు. ఆయన కళింగపట్నం నుంచి ఎండు చేపలు రెండెడ్ల బండి మీద సంతలకు తోలేవాడట. ఆయన పోయాక ఎడ్లు పోయాయి, బండి చెక్క పొయ్యిలోకి పోయింది. చక్రాల పట్టాలు రెండు మిగిలాయి. ఒకటి పాత ఇనుముకి వేసేశారు. రెండోదాన్ని అత్త ఊళ్లోనే ఉన్న తన పాత ఇంటి పెరట్లో మల్లెపాదు చుట్టూ గట్టులా పాతుకుంది. బావమరిది దాన్ని తవ్వి తీసి, ఆటో మీద కట్టి మధ్యాహ్నానికి తెచ్చేశాడు. అత్త వీధిలోకి వచ్చి చూసింది.

"ఓలమ్మో! ఇది మీ నాన్న బండి పట్టా కాదేట్రా? నా మల్లిపాదు పీకీసినావా?"

"పాదు బానే ఉన్నాదే అమ్మా. పట్టాయే వచ్చినాది. బావకి కావాలట."

ఆవిడ నా వైపు చూసింది. నేను తుప్పు గీకే పనిలో పడిపోయాను. ఆవిడ లోపలికి వెళ్లి, ఆముదం గిన్నె, పాత గుడ్డ తెచ్చి నా పక్కన పెట్టింది. "తుడవండి. లేకపోతే తుప్పు సెక్కకి అంటుతాది," అంది.

పట్టాకు లోపల అడ్డంగా టేపు పెట్టాను. అయిదడుగులు దాటి నాలుగు వేళ్లు ఉంది. అంతకన్నా సరైన కొలత అడిగి చేయించినా రాదు.

మర్నాడు ఆదివారం. ఆరాధన ముగించుకుని వచ్చి పని మొదలుపెట్టాం. ముంగిట్లో సిమెంటు గచ్చు మీద పట్టా పడుకోబెట్టి, లోపల కాగితం పరిచి, రెండు సగాలూ అమర్చాం. ముందు జిగురు లేకుండా బిగించి చూద్దామన్నాను. రెండుసార్లు దెబ్బతిన్నవాడి జాగ్రత్త అది. అతుక్కి అటు పక్కా ఇటు పక్కా చీలలు పెట్టి, నేనొక వైపు, బావమరిది ఒక వైపు కొయ్య సుత్తులతో కొట్టడం మొదలుపెట్టాం. అతుకు మూసుకోసాగింది. ఇంకాస్త కొట్టగానే బిగువు పోయి, చీలలు వదులుగా కదిలాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంకా గట్టిగా కొట్టాను.

"ఆగండి, ఆగండి," అంది అత్త. ఆవిడ అతుకు కొస దగ్గర నిలబడి ఉంది. "ఇటు రండి. ఇటు పట్టా లోనికి వచ్చేస్తన్నాది. మీరు అటూ ఇటూ గుద్దుతుంటే ఇది పొట్ట లోపలికి లాక్కుంటన్నాది."

వెళ్లి చూస్తే నిజమే. రెండు పక్కల నుంచి తోస్తుంటే పట్టా అటు పొడుగై, ఇటు కుంచించుకుని, గుడ్డు ఆకారంలోకి మారుతోంది. బిగువంతా అక్కడికి పోతోంది.

"దీనికేం చెయ్యాల?" అన్నాను. ఆవిణ్ణే అడిగాను.

"లోనికి రాకుండా అడ్డం పెట్టండి. దానికేటి పెద్ద సదువా?"

అతుకు రెండు కొసల్లోనూ చెక్కకూ పట్టాకూ మధ్య గట్టి దిమ్మలు ఇరికించాం. ఇప్పుడు పట్టాకు పోవడానికి దారి లేదు. మళ్లీ చీలలు కొడితే, దెబ్బ దెబ్బకూ మోత మారింది. డబ్‌డబ్‌మన్నది కాస్తా టంగున మోగడం మొదలైంది. పట్టా మొత్తం ఒక గంటలా మోగింది. పక్కింటి వాళ్లు గోడ మీంచి తొంగి చూశారు.

అంతా విప్పి, అంచులకు జిగురు రాసి, ఈసారి నిజంగా కొట్టడం మొదలుపెట్టాం. అతుకు పొడుగునా జిగురు సన్నటి ముత్యాల్లా పైకి వచ్చింది. అంతలో మరో గండం. బిగువు ఎక్కువయ్యేసరికి రెండు సగాలూ నడిమిన పైకి లేవబోయాయి, ఇంటి పైకప్పులాగ.

"బరువు! బరువు పెట్టాలి! బియ్యం బస్తా తెండి!" అని అరిచాను.

బస్తా తెచ్చేవాళ్లు తెచ్చేలోపు అత్త అతుకు మీద కాగితం పరిచి, పైన పలక అడ్డంగా వేసి, దాని మీద కూర్చుండిపోయింది. కాళ్లు చాపుకుని, సంతలో గంపల ముందు కూర్చున్నట్టు. పైకి లేవబోయిన చెక్క దిగి సమంగా ఒదిగింది.

"ఇలాగా?" అంది.

"అలాగే అత్తా! కదలకు!"

"నానెందుకు కదుల్తాను? మీరు కొట్టండి. అమ్మీ, టీ పెట్టు. ఎక్కువ పంచదార ఏసి తే."

మా ఆవిడ టీ గ్లాసుతో వచ్చి, తల్లిని చూసి, నవ్వాపుకోలేక గ్లాసు ఒలకబోసుకుంది. తను కూడా ఇంకో పక్క కూర్చుంది. జిగురు పట్టే దాకా తల్లీకూతుళ్లు ఇద్దరూ ఆ బల్ల మీదే కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరారు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆగి చూసి, ఇది ఏ దీక్షని అడిగారు. "మా అల్లుడు నన్ను పట్టాలో బిగించీసినాడు," అని అత్త అందరికీ చెప్పింది.

మర్నాడు పొద్దున చీలలు విప్పాం. పట్టా తీసి పక్కన పెట్టాను. కాగితం గీకి, అతుకు మీద చెయ్యి పెట్టి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా జరిపాను. వేలికి ఏమీ తగల్లేదు. కళ్లు మూసుకుని ఇంకోసారి జరిపాను. అతుకు ఎక్కడుందో తెలియలేదు. బావమరిది బల్లను ఒక పక్క కాస్త ఎత్తి వదిలాడు. అది ఒక్క చెట్టు అడ్డుకోతలా ధన్‌మంది. వాడు నన్ను ఎత్తుకున్నాడు. నలభై దాటిన మనిషిని, ముంగిట్లో, పది మంది చూస్తుండగా.

అంచు గుండ్రంగా చెక్కి, నునుపు తేలేలా ఉప్పు కాగితం పట్టి, నూనె పెట్టాక పనస చెక్క తేనె రంగుకొచ్చింది. చర్చికి తీసుకెళ్లడానికి బండి మాట్లాడదామంటే అత్త ఒప్పుకోలేదు. "గుండ్రంగా ఉన్నదాన్ని మోయడమేటి? దొర్లించండి," అంది. నిజమే కదా. అంచు చుట్టూ గోనె సంచులు చుట్టి, బల్ల పైభాగాన్ని నిలబెట్టి, చెరో పక్కా పట్టుకుని వీధిలోకి దొర్లించాం. వెనక మా ఆవిడ, చేతిలో బల్ల కాళ్ల మరలున్న సంచి. కాళ్లు ముందే హాలుకు చేర్చేశాం. ముందు అత్త. "తప్పుకోండి బాబూ, తప్పుకోండి, బ్రేకుల్లేవు!" అని కేకలు వేస్తూ ఆటోలను పక్కకు నెట్టేసింది.

ధాన్యం కొట్టు ముందు కూర్చున్న షావుకారు అరిచాడు. "ఏటి మాస్టారూ, సక్రం ఒక్కటే ఉన్నాది, ఎడ్లేవి?"

"ఎడ్లం మేమే మావా!" అని అరిచాడు బావమరిది. బజారంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్య మేం ఊరేగింపులా వెళ్లాం. పాత బల్ల హాల్లోకి వచ్చినప్పుడు తలుపు ఊడదీయాల్సి వచ్చిందట. ఇది నిలబెట్టి దొర్లిస్తే తలుపుకు తగలకుండా లోపలికి నడిచి వెళ్లింది.

కోత పండగ ఆదివారం. వేదిక ముందు గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, వరి కంకులు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక ఆడవాళ్లు హాల్లోకి వచ్చారు. పెద్ద హెడ్మిస్ట్రెస్ గారు లోపలికి వచ్చి, బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, "నా కుర్చీ ఏదమ్మా?" అన్నారు.

"ఏదైనా మీదేనండీ," అంది మా ఆవిడ.

ఆవిడ ఇంకో అర చుట్టు తిరిగి, చివరికి దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. మా అత్త అలవాటు చొప్పున బెంచీ కోసం చూసింది. బెంచీ లేదు. మా ఆవిడ ముందే తీయించేసింది. అత్త కొంగుతో చేతులు తుడుచుకుని, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. అది హెడ్మిస్ట్రెస్ గారి పక్కది. మిగతా చేపలమ్మే ఆడవాళ్లూ మధ్య మధ్యన సర్దుకున్నారు. టీ ఒక చోట మొదలై చుట్టూ తిరిగింది. అందరికీ వేడిగానే అందింది. నేను గోడకానుకుని చూస్తున్నాను. మా ఆవిడ తన కళ్లు నాకు కనపడకుండా తల వంచుకుంది.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బావుండేది. పాస్టరుగారు లేచి, ఇంత వెడల్పు బల్ల అతుకు కనపడకుండా ఎలా చేశారో చెప్పమని నన్ను అడిగారు. నేను చెప్పాను. క్లాంపులు చాలకపోవడం, తాడు సాగిపోవడం, అన్నీ నవ్వొచ్చేలా చెప్పాను. పట్టా దగ్గరికి వచ్చేసరికి, "అప్పుడు నాకు బండి చక్రం గుర్తొచ్చింది," అన్నాను. చప్పట్లు మోగాయి.

"గుర్తొచ్చింది మీకు కాదు. నాకు," అంది అత్త.

అందరూ నవ్వారు. అత్తగారు అల్లుణ్ణి ఆట పట్టిస్తోందనుకున్నారు. నేనూ నవ్వేశాను. నవ్వితే ఆ మాట ఎకసెక్కం కింద పోతుందని నాకు తెలుసు. తెలిసే నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. అరచెయ్యి బల్ల మీద వేసింది. "ఎకసెక్కం కాదు. ఇనండి," అంది. మొదట్నించీ చెప్పింది. నేను నవ్విన సంగతి, మంట మీద చేపలు కాల్చుకోమన్న సంగతి, మల్లెపాదు సంగతి, పొట్ట లోపలికి లాక్కున్న పట్టా, తను ఎక్కి కూర్చున్న చోటు. "ఇదిగో, ఇక్కడే," అని బల్ల మీద వేలితో గీత గీసి చూపించింది. న్యాయంగా చెప్పింది కూడా. "సీలలు మాత్రం ఆయనవే. నాను కాల్చమన్నాను. కాలిస్తే పాడైపోయీది," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అబద్దమైతే సెప్పండి అల్లుడుగోరూ."

ఆ హాల్లో అన్నేళ్లు ఆవిడ నోరు విప్పగా ఎవరూ వినలేదు. ఇప్పుడు ముఖాలన్నీ నా వైపు తిరిగాయి.

"నిజమే. అంతా నిజమే," అన్నాను.

తర్వాత షెడ్డులో పిల్లలకు ఆ పద్ధతి నేర్పినప్పుడు ఆవిడ మాట ఎత్తలేదు. ఆ ఒక్క మాట ఆ హాలు దాటి నా కాలేజీ షెడ్డు దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ తప్పు నాది. ఆవిడ తన వంతు ఆ రోజే చెప్పేసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హెడ్మిస్ట్రెస్ గారు మాత్రం కుర్చీ ఇటు జరుపుకుని, కళ్లజోడు సవరించుకుని, అత్త గీసిన గీత మీదికి వంగారు. "అయితే మంట లేకుండా చక్రానికి పట్టా ఎక్కదంటావా?" అని అడిగారు. అత్త టీ గ్లాసు పక్కకు పెట్టింది. రెండు చేతులతోనూ గాల్లో చక్రం గీసి, పొట్టు ఎలా పరవాలో దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అవతలి పక్క కూర్చున్న నర్సు వినపడటం లేదని లేచి ఇటు వచ్చింది. మా ఆవిడ చేతిలోని తీర్మానాల కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఆ రోజు సమాజంలో ఇంకే తీర్మానమూ జరగలేదు.